పదిహేడు డబ్బాలు, ఒక దూది పోగు

దూది అంటే నాకు గిట్టదు. ఆదిలాబాద్‌లో ఉంటూ ఈ మాట అనకూడదని తెలుసు, అయినా అంటాను. మాది సుల్తానాబాద్ వైపు. వరి పండే చోట పుట్టి పెరిగినదాన్ని. వడ్ల దుమ్ము దురద పెడితే పెడుతుంది గానీ పడ్డచోట పడి ఉంటుంది. దూదికి ఆ మర్యాద లేదు. దసరా దాటి జిన్నింగు మిల్లులు మొదలయ్యాయంటే ఊరంతా తెల్లటి నలుసులు తేలుతుంటాయి. చాయ్‌లో, టిఫిన్ గిన్నెలో, చీర కుచ్చిళ్లలో, ఆఖరికి నల్లబల్ల మీద నేను రాసిన అంకెల మీద కూడా. ఉద్యోగం మీద ఇక్కడికొచ్చి పన్నెండేళ్లు. ఏటా ఆ నాలుగు నెలలూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే పాఠం చెప్తాను. మా బడి మిల్లుల వెనక రోడ్డు మీదే ఉంది. కిటికీలు మూస్తే చీకటి, తెరిస్తే దూది.

నేను ఐదో తరగతి టీచర్‌ని. నాకు కోపం ఎక్కువ. పిల్లలు నాకు పెట్టిన పేరేమిటో కూడా నాకు తెలుసు, ఇక్కడ రాయను. రెండు విషయాల్లో మాత్రం నన్ను ఎవరూ కదపలేరు. ఒకటి శుభ్రం, రెండోది హాజరు. ఇప్పుడు హాజరంతా ఫోనులోనే ఎక్కుతున్నా నాకు నా ఎర్ర అట్ట పట్టీ ఉండాల్సిందే. పిల్ల మొహం నా కళ్లకు కనబడితేనే పట్టీలో టిక్కు. "టీచర్, వాడు గేటు కాడ ఉన్నడు, వస్తుండు" అంటే నా దగ్గర నడవదు. "వచ్చినంక పెడత" అంటాను. మా పెద్దసారు చెప్పినా వినలేదు. ఇన్నేళ్ల నౌకరీలో ఆ ఒక్క నియమం తప్పలేదు.

ఈ తంబూర గోల మొదలైంది భిన్నాల వల్ల. సగం, పావు, ముప్పావు అని బల్ల మీద ఎన్ని రొట్టెలు గీసి ముక్కలు చేసినా పిల్లలకు తలకెక్కలేదు. సైకిల్ దుకాణం వాళ్ల పిల్ల అయితే, "టీచర్, గీసుడు కాదు, ఒక్క రొట్టె తెచ్చి పెట్టుండ్రి, అందరికి తెలుస్తది" అన్నది. ఆ పిల్ల తండ్రి బడికి ఎదురుగా సైకిళ్లు బాగుచేస్తాడు. ఆయన ఎన్ని ట్యూబులకు అతుకులు వేస్తేనేం, కూతురి నోటికి వేయలేకపోయాడు.

ఎప్పుడో శిక్షణ తరగతుల్లో విన్న ముచ్చట ఒకటి గుర్తొచ్చింది. బిగించిన తీగను సరిగ్గా సగంలో నొక్కి మీటితే అదే చప్పుడు సన్నగా, పై స్థాయిలో పలుకుతుందని. కంటికి చూపిస్తే ఎక్కని సగం చెవికి వినిపిస్తే ఎక్కుతుందేమో అనిపించింది. నాకు పాట రాదు. బతుకమ్మ ఆడేటప్పుడు కూడా మా వాడకట్టు ఆడవాళ్లు నన్ను చప్పట్లు కొట్టమంటారే గానీ పాట ఎత్తుకోమని ఏనాడూ అనలేదు. అయినా సరే, భిన్నాలు చెప్పడానికి గొంతు ఎందుకులే అని, పిల్లకొక ఒంటితీగ తంబూర చేయించే ధైర్యం చేశాను.

ఎండాకాలం సెలవుల్లో బడికి రంగులు వేశారు. ఖాళీ అయిన లీటరు డబ్బాలు వంటగది వెనక కుప్పగా పడి ఉన్నాయి. ఏరితే సొట్టలు లేనివి సరిగ్గా పదిహేడు తేలాయి. మా తరగతి పిల్లలూ పదిహేడుమందే. కూలిన పందిరి తాలూకు వెదురు కర్రలు ఉండనే ఉన్నాయి. సైకిల్ దుకాణం పిల్ల వాళ్ల నాన్న దగ్గర తెగిపోయిన బ్రేకు వైర్ల కట్ట పట్టుకొచ్చింది. బ్రేకు వైరును విప్పితే లోపల సన్నటి ఉక్కు తీగలు కలిపి పేని ఉంటాయి. తంబూరకు ఒక తీగ చాలు.

డబ్బా పక్కలకు ఎదురెదురుగా మేకుతో రెండు బెజ్జాలు కొట్టి, వాటిలోంచి కర్ర దూర్చాలి. కర్ర కింది చివర తీగ కట్టి, డబ్బా అడుగు మీదుగా లాగి, పై చివరన పెట్టిన చెక్క మరకు చుట్టాలి. డబ్బా అడుక్కీ తీగకూ మధ్య వేలెడంత వెదురు బద్ద పెట్టాలి. మర తిప్పితే తీగ బిగుస్తుంది, ఇక మీటుకోవడమే. రాసినంత తేలిగ్గా ఏమీ జరగలేదు. మేకు మీద పడాల్సిన రాయి వేళ్ల మీద పడింది. ఒకడు బెజ్జంలో వేలు దూర్చి, తరవాత బయటికి తీయలేక, డబ్బాతో సహా అన్నం తినడానికి పోయాడు. డబ్బాల్లో మిగిలిన పచ్చరంగు అందరి మోచేతులకూ అంటింది. నాలుగు రోజులు తరగతి గదిలో ఆ ఠకఠకలే. పక్క తరగతి టీచర్ రెండుసార్లు వచ్చి గుమ్మంలో నిలబడి చూసి పోయింది. నాకు మాత్రం, నిజం చెప్పాలంటే, అంత సంతోషంగా చాలా ఏళ్లుగా పాఠం చెప్పలేదు.

ఒక్క షరతు పెట్టాను. డబ్బా మీద గానీ తీగ మీద గానీ దూది నలుసు కనబడితే ఊరుకునేది లేదు. తడిగుడ్డ పెట్టి తుడవాల్సిందే.

అందరికంటే ముందు సైకిల్ దుకాణం పిల్ల తంబూర పూర్తయింది. ఆమె మీటితే "జుంయ్" మని ఏదో గుర్రుమన్నది. వంగి చూస్తే బద్దకూ తీగకూ మధ్య దూది ఇరుక్కుని ఉంది. "ఏంది గీ గలీజు" అని నా కొంగుతోనే గట్టిగా తుడిచి, మళ్లీ మీటాను. "టక్" మన్నది.

"ఇగో, ఇప్పుడు సాఫ్ అయింది" అన్నాను.

"ఇందాకటి సప్పుడే మంచిగుండె టీచర్" అన్నది ఆ పిల్ల.

నోరు మూసుకుని కూర్చోమన్నాను. మిగతా డబ్బాలన్నీ కూడా నా శుభ్రానికి తగ్గట్టు టక్కుమనే తయారయ్యాయి. సగంలో నొక్కినా టక్కే, నొక్కకపోయినా టక్కే. భిన్నాలు మళ్లీ మొదటికొచ్చాయి.

ఆ తరగతిలో కిటికీ పక్కన కూర్చునే పిల్ల ఒకతి ఉంది. మాట తక్కువ. అడిగితే జవాబు, అడగకపోతే లేదు. చెవి మాత్రం పాము చెవి. పక్కవాళ్ల మర తిప్పుతుంటే వినే, "ఇంకా జర లాగాలె" అని చెప్పేది. తండ్రి లారీ మీద పోతాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. బడి మొదలైన కొత్తలో మీ ఇంట్లో ఎవరెవరు ఏం పని చేస్తారని అందరినీ అడిగినప్పుడు, "మా తాత మిల్లుల సూపర్‌వైజర్ టీచర్" అని చెప్పింది. నేను సరే అని రాసుకున్నాను.

రోజూ పదకొండు గంటలకు మా బడి రోడ్డున దూది ఏకే ముసలాయన ఒకరు పోతుంటారు. భుజాన నిలువెత్తు విల్లు, చేతిలో చెక్క గుండు. పాత పరుపుల్లో గడ్డకట్టిన దూదిని ఆ వింటి నారితో ఏకి మెత్తగా చేయడం ఆయన పని. మిషన్లు వచ్చాక అంతా దుకాణాలకే వేస్తున్నారు గానీ ఆయన మాత్రం గల్లీ గల్లీ తిరుగుతూనే ఉంటారు. కేక వేయరు. నారిని మీటుకుంటూ పోతారు. "తుంయ్, తుంయ్" మని ఆ చప్పుడు వింటే చాలు, ఎవరొచ్చారో తెలుస్తుంది.

డబ్బాలన్నీ టక్కుమన్న రోజున, నా కోపం నషాళానికి అంటి ఉన్నప్పుడు, సరిగ్గా ఆ చప్పుడు కిటికీలోంచి వచ్చింది.

"అగో, గా దూది ఏకే తాత విల్లే మన తంబూరలకంటే నయం" అన్నాను. "మీరందరు రేపటి సంది విల్లు భుజానేసుకొని గల్లీలల్ల తిరుగుండ్రి. నాకు భిన్నాల పరేషాన్ తప్పుతది."

తరగతి గొల్లుమంది. నేనూ నవ్వాను. అప్పుడే ముందు బెంచీలోంచి ఒకరు లేచి, "టీచర్, గాయన గీమె తాతనే. మిల్లుల సూపర్‌వైజర్ అని మనకు అబద్ధం చెప్పింది" అని కిటికీ పక్కకు చెయ్యి చూపించారు. పదహారుమంది ఒక్కసారిగా "తుంయ్, తుంయ్" మని అందుకున్నారు. నేను బల్ల మీద బెత్తం కొట్టి అందరినీ నోరు మూయించాను. ఆ పిల్ల ఏడవలేదు. తల వంచుకుని, తన డబ్బాకు అంటిన పచ్చరంగును గోటితో గీకుతూ కూర్చుంది. సాయంత్రం గంట కొట్టగానే డబ్బాను కిటికీలో పెట్టేసి వెళ్లిపోయింది.

మరునాడు రాలేదు. ఆ మరునాడూ రాలేదు. పట్టీలో ఆ పేరు పక్కన ఎర్ర గీత పెడుతుంటే నా మీద నాకే మంటగా ఉంది. పిల్లలను గద్దించాను సరే, ఆ నవ్వు మొదలుపెట్టింది ఎవరు?

మూడో రోజు సైకిల్ దుకాణం పిల్ల నా బల్ల దగ్గరికొచ్చి, "టీచర్, ఆమె వాళ్ల అమ్మతోని పత్తి ఏర వోతుంది. పొద్దుగాల ఆటో ఎక్కుతుంటే మా బాపు చూసిండట" అని మెల్లగా చెప్పింది. పత్తి కాలంలో నాలుగు రోజులకని చేనుకు పోయిన పిల్లలు నెల దాకా రారు. నెల దాటితే పాఠాలు అందవు, రావడానికి సిగ్గుపడతారు. మూడేళ్ల కింద నా తరగతిలోనే ఒక పిల్ల అట్లా పోయింది. ఇప్పుడు బజార్లో నేను ఎదురొస్తే పక్క సందులోకి తప్పుకుంటుంది. ఇంకొక పిల్లను అట్లా పోగొట్టుకునే శక్తి నాకు లేదు. అదీ నా నోటి దురుసు వల్ల.

ఆ సాయంత్రం బడి అయ్యాక వాళ్లింటికి పోయాను. తప్పయిందని చెప్పడం నాకు చేతకాదు. పుట్టినప్పటి నుంచీ అలవాటు లేదు. అందుకని చేతిలో ఆ పిల్ల తంబూరను పట్టుకుని పోయాను, దాని గురించే వచ్చినట్టు.

మిల్లు గోడ వెనక రెండు గదుల ఇల్లు. తాత మంచం మీద కూర్చుని పెద్ద దబ్బనంతో పరుపు అంచు కుడుతున్నారు. తెల్ల గడ్డం, చెవి మడతలో అత్తరు అద్దిన దూది. వెనక గోడకు విల్లు వేలాడుతోంది.

"సలాం చాచా. నేను బడి టీచర్‌ను."

"రా బిడ్డా, కూసో. మా పిల్ల ఏమన్న తప్పు చేసిందా?"

డబ్బాను ఆయన ముందు పెట్టాను. "గీ తంబూర పలుకుతలేదు చాచా. మీ విల్లు గల్లీ అవతలికి వినబడతది, ఇది పక్కనోళ్లకే వినబడది. జర చూస్తరా?" అన్నాను.

ఆయన దబ్బనం పక్కన పెట్టి డబ్బాను ఒళ్లోకి తీసుకున్నారు. మీటారు. చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ మీటారు. వేలితో బద్దను తడిమారు.

"తీగె మంచిదే. కట్టుడు గూడ మంచిగనే కట్టిన్రు. గని గింత సాఫ్ ఎందుకు చేసిన్రు?"

"సాఫ్ ఉండద్దా?"

"తీగె పోయి బద్దను గట్టిగ కరుచుకున్నది. దీనికి ఊపిరి ఆడుతలేదు."

చెవిలోంచి అత్తరు దూది తీశారు. అందులోంచి చిటికెడు లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పేని, వెంట్రుకంత పోగు చేశారు. దాన్ని తీగ కింద, బద్ద మీద పెట్టి మీటారు. టక్. పోగును ఆవగింజంత ముందుకు జరిపారు. టక్. ఇంకొంచెం జరిపారు.

"జుంయ్‌య్‌య్..."

చప్పుడు డబ్బాలోంచి లేచి గదంతా నిండింది. ఆయన వేలు తీశాక కూడా పలుకుతూనే ఉంది. దాని వెంట అత్తరు వాసన. వెంటనే సైకిల్ దుకాణం పిల్ల తంబూర గుర్తొచ్చింది. దూది పుణ్యాన పలికిన ఒక్క తంబూరను నా కొంగుతో నేనే తుడిచి చంపాను. అది చెప్తే తాత పొట్ట పట్టుకుని నవ్వారు. "నా నారి కింద గూడ గింత తోలు ముక్క, గింత పోగు ఉంటయి బిడ్డా. లేకుంటే ఎవరికి వినబడతది?"

అంతలో బయట ఆటో ఆగింది. తల్లీ కూతురూ దిగారు. జుట్టు నిండా దూది. ఆ పిల్ల వేళ్లు ఎండిన పత్తికాయల పెంకులకు గీరుకుపోయి ఉన్నాయి. నన్ను చూసింది, నా పక్కన డబ్బాను చూసింది, తలుపు వెనక్కి పోయి నిలబడింది.

"బడికి ఎందుకు పోతలేవు అంటే కడుపునొస్తుందని చెప్పింది టీచరమ్మా. కడుపునొచ్చెటోళ్లు చేనుకు పోతరా?" అన్నారు తాత.

తలుపు సందులోంచి ఆ పిల్ల కళ్లు నా వైపే చూస్తున్నాయి. అవి ఏం అడుగుతున్నాయో నాకు అర్థమైంది. ఆ సూపర్‌వైజర్ మాట తాత చెవిన పడకూడదు. "తప్పు నాది చాచా. బడిల అందరి ముందట మీ విల్లు సప్పుడు విని నేను నవ్విన. పిల్లలు గూడ నవ్విన్రు. గందుకే రాలే" అన్నాను. అంతే చెప్పాను.

తాత నన్ను వింతగా చూశారు. "నవ్వితే ఏమైతది? నేను గల్లీలకు వచ్చినంటే పిల్లలందరు తుంయ్ తుంయ్ అనుకుంట ఎనక వడతరు. గది విని ఆడోళ్లు పాత పరుపులు బయటేస్తరు. నవ్వేటోళ్లు లేకుంటే నాకు గిరాకి ఏడిది?"

"గట్ల కాదు తాత" అన్నది తలుపు వెనక నుంచి ఆ పిల్ల. తాత కాసేపు ఆ తలుపు వైపు చూసి, మళ్లీ దబ్బనం అందుకున్నారు.

మూడు రోజుల్లో బాలల దినోత్సవం అని, ఆ రోజు మా తరగతి వాయించేది ఈ తంబూరలేనని, పదిహేడు డబ్బాలు శ్రుతి చేయడానికి బడి మొత్తంలో చెవి ఉన్నవాళ్లు లేరని చెప్పాను. తల్లి చేటలోకి రెండు పిడికెళ్ల బియ్యం తీసుకుంటూ, "పత్తి ఒడిసిందాక పంపను టీచర్. ఇద్దరం ఏరితేనే చేను ఒడుస్తది. వాన పడితే మొత్తం ఖరాబు" అన్నది. ఆమె మాటలో కోపం లేదు, ఉన్న సంగతి చెప్పింది. నేను బతిమాలుతూనే ఉన్నాను. ఆ పిల్ల ఎప్పుడు వచ్చిందో వచ్చి, డబ్బా తీసుకుని, మరను కొంచెం తిప్పి, మీటి, మళ్లీ తిప్పింది. "గా పండుగ ఒక్కరోజు వస్త" అన్నది నా వైపు చూడకుండా. "డబ్బాలన్ని ఇంటికి పట్టుకరాండ్రి, సాయంత్రం చేసి పెడత."

మరునాడు బడి వదలగానే మిల్లుల రోడ్డు మీద మా ఊరేగింపు బయల్దేరింది. పదహారుమంది పిల్లలు, చేతుల్లో రంగు డబ్బాలు, వెనక నేను. పత్తి బండ్ల వాళ్లు ఎద్దులను ఆపి మరీ చూశారు. విల్లు చూడాలని పిల్లలు ఎంతో ఆశపడ్డారు గానీ తాత పనికి పోయి ఇంకా రాలేదు. గోడ మీద విల్లు ఉండే చోట పొడుగాటి మరక మాత్రం ఉంది. దాన్నే చూశారు.

వాకిట్లో అందరం కూర్చున్నాం. పోగు పేనడం ఆ పిల్ల నేర్పింది. దూది కోసం వెతకాల్సిన పనేముంది, ఎవరి తలలోది వాళ్లు తీసుకున్నారు. నా చీర మీద నుంచి నేనే తీసి ఇద్దరికి ఇచ్చాను. ఒక్కొక్క డబ్బా జుంయ్యనడం మొదలుపెట్టేసరికి పిల్లలు ఆగలేదు. సగంలో నొక్కి మీటారు. అదే చప్పుడు, సన్నగా. "టీచర్, సగం రొట్టె గూడ రొట్టె లెక్కనే ఉన్నది" అన్నది సైకిల్ దుకాణం పిల్ల. పావు దగ్గర నొక్కిచూస్తామని ఎవరూ చెప్పకుండానే మొదలుపెట్టారు. రెండు వారాలుగా నేను గొంతు చించుకున్న పాఠం పావుగంటలో అయిపోయింది.

శ్రుతి చూసే యాప్ ఒకటి ఫోనులో దించుకుని పోయాను. ఆ పిల్ల వద్దన్నది. "గది వద్దు టీచర్. ఏ సప్పుడు కావాలో నాకు తెలుసు." కళ్లు మూసుకుని, డబ్బా తరవాత డబ్బా తీసుకుని, అన్నిటినీ ఒక్క చప్పుడుకు తెచ్చింది. పోయే ముందు సైకిల్ దుకాణం పిల్ల లంగా ముడిలోంచి చుట్ట చుట్టిన తీగ తీసి ఆమె చేతిలో పెట్టింది. "కొత్తది. మా బాపు నడిగి నీ కోసమే తెచ్చిన" అన్నది. ఆ రోజు బెంచీలోంచి లేచి చెయ్యి చూపించింది ఈ పిల్లే. అది ఆమెను ఎంత గుచ్చుతోందో నాకు అప్పుడు తెలిసింది.

బాలల దినోత్సవం నాడు బడి ముందు షామియానా వేశారు. తల్లులు, అమ్మమ్మలు చాలామందే వచ్చారు. ఆ పిల్ల తల్లి చేనుకు పోయింది. అన్ని తరగతులూ సినిమా పాటలకు డ్యాన్సులు చేశాయి. మా వంతు వచ్చేసరికి పదిహేడుమంది రంగు డబ్బాలతో వచ్చి వరసగా కూర్చున్నారు. పెద్దసారు నా వైపు వంగి, "ఏం పాట టీచర్?" అన్నారు. "తొమ్మిదో ఎక్కం సార్" అన్నాను. ఆయన మళ్లీ తిన్నగా కూర్చున్నారు.

"తొమ్మిదొకట్ల తొమ్మిది, జుంయ్. తొమ్మిది రెండ్ల పద్దెనిమిది, జుంయ్." పదిహేడు తీగలు ఒక్కసారి పలుకుతుంటే షామియానా గుడ్డ కూడా వణికినట్టనిపించింది. మూడో అంకెకు తల్లులు చప్పట్లు అందుకున్నారు. ఐదుకొచ్చేసరికి మొదటి తరగతి బుడ్డోళ్లు లేచి గంతులు వేస్తున్నారు. నా మొహం మీద నవ్వు ఆగడం లేదు.

తొమ్మిదేడ్ల అరవై మూడు దగ్గర రోడ్డు మీంచి వచ్చింది, "తుంయ్".

పదకొండు అయిందని అప్పుడు చూసుకున్నాను. మళ్లీ నవ్వుతారేమో, ఈసారి ఊరందరి ముందర. పిల్లలు ఎక్కం ఆపేశారు. తీగలు ఇంకా పలుకుతున్నాయి. బయటి చప్పుడు వచ్చి వాటిలో కలిసింది. కొంచెం కూడా తేడా లేదు. పదిహేడు డబ్బాలూ ఆ విల్లూ ఒకే చప్పుడు.

"టీచర్, బయట గూడ మన తంబూరనే మోగుతుంది" అన్నది సైకిల్ దుకాణం పిల్ల.

నేను తాత మనవరాలి వైపు చూశాను. ఈసారి తల వంచుకోలేదు. గేటు వైపే చూస్తోంది. ఏ సప్పుడు కావాలో నాకు తెలుసు అన్న మాట అప్పుడు అర్థమైంది. యాప్ వద్దన్నది ఎందుకో, కళ్లు మూసుకుని దేన్ని గుర్తుచేసుకుందో అర్థమైంది. నాకు ఏడుపు ఆగలేదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. అందరూ దూది వల్ల అనుకున్నారు.

"ఎవరమ్మా బయట?" అన్నారు పెద్దసారు.

ఆ పిల్ల లేచి నిలబడింది. "మా తాత సార్. దూది ఏకుతడు."

మైకు ముందే ఉండటంతో ఆ మాట షామియానా దాటి రోడ్డు దాకా వినబడింది. పిల్లలు గేటుకు పరుగు తీశారు. ఎంత లాగినా తాత లోపలికి రాలేదు, విల్లు తగిలి షామియానా చిరుగుతుందన్నారు. గేటు దగ్గరే నిలబడి, ఎక్కం మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టించి, అంకె అంకెకూ నారి మీటారు. తొమ్మిది తొమ్మిదుల ఎనభై ఒకటికి బడంతా ఆయన వెంట "తుంయ్" అన్నది. ఆయన మనవరాలి వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. ఆయనకు ఎంత తెలుసో నాకు తెలియదు, నేను అడగలేదు.

అందరూ పోయాక ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది. "తంబూర ఇంటికి తీస్కపోనా టీచర్?"

"తీస్కపో. గని మల్ల తేవాలె."

"తెస్త" అన్నది. ఎప్పుడో చెప్పలేదు. ఆమె ఒప్పుకున్నది ఒక్కరోజుకే, ఆ రోజు అయిపోయింది. గేటు దగ్గర తాత మాత్రం, "ఫికర్ చెయ్యకు బిడ్డా, మా కోడలితోని నేను మాట్లాడుత" అన్నారు. ఆ కోడలి చేటలో బియ్యాన్ని చూసి వచ్చినదాన్ని కాబట్టి నాకు పెద్ద ధైర్యం కలగలేదు.

మరునాడు తొమ్మిదింటికి పట్టీ తెరిచి పేర్లు పిలవడం మొదలుపెట్టాను. ఏరడానికి పోయే ఆటోలు ఆరింటికే వెళ్లిపోతాయి. ఆ పిల్ల పేరు దాకా వచ్చి పిలిచాను. జవాబు లేదు. కిటికీ పక్క చోటు ఖాళీగా ఉంది. ఎర్ర పెన్ను చేతిలోకి తీసుకున్నాను, గీత పెట్టబుద్ధి కాలేదు. చాయ్ గ్లాసు అందుకున్నాను. అందులో దూది తేలుతోంది, దాంతోనే తాగేశాను. పిల్లలు కూడా కిటికీ వైపే చూస్తున్నారు.

అప్పుడు వినబడింది. పదకొండుకు కదా ఆయన ఈ దారిన వచ్చేది. దూరంగా మిల్లు మలుపు దగ్గర నుంచి, "తుంయ్". దాని వెనకే సన్నగా, "జుంయ్". మళ్లీ "తుంయ్". మళ్లీ "జుంయ్". పెద్దదొకటి, చిన్నదొకటి, రెండూ పక్కపక్కనే నడుచుకుంటూ బడి వైపే వస్తున్నాయి.

"టీచర్, వస్తుంది" అన్నది సైకిల్ దుకాణం పిల్ల.

నేను ఎర్ర పెన్ను పక్కన పెట్టి నీలం పెన్ను తీసుకున్నాను. పిల్ల ఇంకా గేటు దాటలేదు, మొహం నా కంటికి కనబడలేదు. అయినా టిక్కు పెట్టేశాను.